సారా ఉద్యమం, తొమ్మిదో తరగతి, ఒక గూగుల్ డాక్

గ్రూప్ ప్రాజెక్ట్ అంటే ఏం జరుగుతుందో బడిలో పాఠం చెప్పేవాళ్లందరికీ తెలుసు. ఆరుగురిని ఒక జట్టుగా వేస్తాం. చేతిరాత బాగున్న అమ్మాయి ఒకతి ఇంట్లో కూర్చుని మొత్తం రాస్తుంది. ఒకడు చార్ట్ కొనుక్కొస్తాడు. మిగతా నలుగురూ అట్ట మీద తమ పేరు పడిందో లేదో చూసుకుంటారు. మార్కులు మాత్రం ఆరుగురికీ సమానం. ఎవరెంత చేశారని అడిగితే "అందరం చేశాం మేడం" అంటారు. రాసిన అమ్మాయి కూడా అదే అంటుంది, ఎందుకంటే రేపు వాళ్లతోనే కలిసి బస్సెక్కాలి.

నేను సోషల్ చెప్పేది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, కలిగిరి, వింజమూరు వైపున్న ఒక జడ్పీ హైస్కూల్లో. కిందటేడు తొమ్మిదో తరగతికి సారా ఉద్యమాన్ని ప్రాజెక్ట్‌గా ఇచ్చాను. మా వైపు ఆ విషయం కోసం పుస్తకాలు వెతుక్కోనక్కర్లేదు. ఉద్యమం మొదలైన దూబగుంట మాకు దగ్గరే. 1991లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు వాచకంలో సారా మీద తిరగబడిన సీతమ్మ కథ చదివి, ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు. తర్వాత సారా కొట్ల మీదికి పోయారు. వాళ్లలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా అమ్మకం ఆగింది. అప్పట్లో పాతికేళ్లో ముప్పై ఏళ్లో ఉన్నవాళ్లు ఇప్పుడు మా పిల్లల అవ్వలు. సాయంత్రం అరుగు మీదే ఉంటారు. పిల్లలు వెళ్లి అడిగి, విన్నది రాసుకు రావాలి. ఐదారు పల్లెల నుంచి మా బడికి వస్తారు కాబట్టి ఐదారు ఊళ్ల కథలు ఒకచోట చేరతాయి.

ఒకచోట చేర్చడం ఎలా అన్నదగ్గర గూగుల్ డాక్స్ గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది వాట్సాప్ గ్రూప్ పెట్టి చూశాం. అందులో వాయిస్ మెసేజ్‌లు, గుడ్ మార్నింగ్ పువ్వులు, హోంవర్క్ ఫొటోలు అన్నీ కలిసిపోయి, ఎవరు ఏం పంపారో వారం తర్వాత ఎవరికీ దొరకలేదు. డాక్స్ యాప్ చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు చక్కగా పడుతుంది. ఒకే ఫైల్‌లో ఒకేసారి 100 మంది దాకా రాసుకోవచ్చు. మాకు నలభై మందే.

మొదటి అడ్డంకి ఖాతాల దగ్గరే వచ్చింది. మన దేశంలో పదమూడేళ్లు నిండినవాళ్లకు సొంత గూగుల్ ఖాతా పెట్టుకునే వీలుంది కాబట్టి తొమ్మిదో తరగతికి వయసు చిక్కు లేదు. కానీ పిల్లలకు సొంత ఫోన్లు లేవు. నాన్న ఫోనో అన్న ఫోనో వాడాలి. ఆ ఫోన్లలో ఖాతా తెరిచింది ఎక్కువ భాగం సెల్ అంగడి కుర్రాడు. అతనికి తోచిన పేరు పెట్టాడు. కాబట్టి నా తెరమీద నా విద్యార్థులు 'కింగ్ 9', 'శ్రీ వెంకటేశ్వర ఫెర్టిలైజర్స్', 'మై ఫోన్' లాంటి పేర్లతో దర్శనమిచ్చారు. ఎరువుల అంగడివారు సారా ఉద్యమం గురించి అంత చక్కగా రాస్తుంటే ఎవరబ్బా అనుకున్నాను. ఆ అంగడిలో గుమస్తాగా చేసే ఆయన కూతురట.

లింక్ ఉన్నవాళ్లెవరైనా రాయొచ్చు అని పెడితే ఇంకో తమాషా. మనం పేరుపేరునా పిలవనివాళ్లు ఆ ఫైల్‌లోకి వస్తే డాక్స్ వాళ్లకు జంతువుల పేర్లు తగిలిస్తుంది. అనానిమస్ కాపీబారా, అనానిమస్ క్వోకా, అనానిమస్ ఆక్సొలాటల్. పిల్లలకు ఇది తెగ నచ్చింది. వాటి బొమ్మలు నెట్‌లో వెతుక్కుని, ఎవరు ఏ జంతువో పందేలు కాసుకున్నారు. సరదా బాగానే ఉంది కానీ ఎవరేం రాశారో చూద్దామంటే జంతువులన్నీ అజ్ఞాతంగా ఒకే పద్దు కింద ఉంటాయి. ప్రాజెక్ట్‌కు అసలు కారణమే అది కదా. అందుకని అందరి మెయిల్ ఐడీలు తీసుకుని ఒక్కొక్కరినీ విడిగా చేర్చాను. ఏ ఖాతా వెనక ఎవరున్నారో నా నోట్‌బుక్‌లో పట్టిక రాసుకున్నాను. విసుగు పని. తప్పదు.

బడిలోకి ఫోన్లు తేకూడదు. అందువల్ల క్లాసులో డాక్‌ను ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకుండే పెద్ద టచ్ తెర) మీద తెరిచి, నా ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపించేదాన్ని. పిల్లలు రాసేది మాత్రం ఇళ్ల దగ్గర, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య. అప్పుడే నాన్నలు ఇంటికి వస్తారు. అప్పుడే ఫోన్ చేతికి దొరుకుతుంది. సాయంత్రమంతా నిద్రపోయినట్టున్న ఫైల్ ఎనిమిదింటికి లేచేది. రంగురంగుల కర్సర్లు పేజీ అంతా తిరుగుతుంటే నేను గోంగూర ఒలుస్తూ చూస్తుండేదాన్ని. నాకు ఒక్కోసారి టీవీ సీరియల్ కంటే అదే బాగుండేది.

రెండో రోజో మూడో రోజో క్లాసులో ఒకడు లేచి అడిగాడు. "మేడం, ఇద్దరం ఒకే లైన్లో ఒకేసారి కొడితే ఎవరిది నిలబడుద్ది?" మంచి ప్రశ్న. కంప్యూటర్ సార్‌ని కూడా పిలిచి బోర్డు మీద చెప్పాం. మనం కొట్టే ప్రతి అక్షరం "ఫలానా స్థానంలో ఫలానాది చేర్చు" అనే చిన్న ఆజ్ఞగా సర్వర్‌కు పోతుంది. నేను పదో స్థానంలో ఒక అక్షరం చేర్చేలోపు నువ్వు మూడో స్థానంలో రెండు అక్షరాలు చేర్చావనుకో, నా పదో స్థానం పన్నెండోది అయిపోవాలి. చౌక డిపో లైన్లో నీ ముందు ఇద్దరు వచ్చి దూరితే నీ వంతు రెండు జరిగినట్టే. ఎవరి అక్షరమూ పోదు, చోటు మారుతుంది. దీని పేరు ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్. ఎల్లిస్, గిబ్స్ అనే ఇద్దరు 1989లోనే ఈ పద్ధతి మీద పరిశోధనా వ్యాసం రాశారు. గూగుల్ 2006లో రైట్‌లీ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన చిన్న కంపెనీని కొని, దాని నుంచి ఈ డాక్స్‌ను తయారుచేసింది. దూరి వచ్చినవాళ్లను చౌక డిపోలో తిట్టొచ్చు కదా మేడం అన్నారు వెనక బెంచీ వాళ్లు. ఇక్కడా తిట్టొచ్చు, దానికి కామెంట్ పెట్టుకోవచ్చు అన్నాను.

తెలుగు కొట్టడం అనుకున్నంత కష్టం కాలేదు. గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో తెలుగు పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. చాటింగ్‌లో వాళ్లకు ముందే అలవాటు. మైక్ బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందని తెలిశాక సగం మంది కొట్టడం మానేశారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ఫోన్ నేరుగా అవ్వ నోటి ముందు పెట్టారు. అక్కడ ఫోన్ చేతులెత్తేసింది. టీవీ వార్తల తెలుగు దానికి అర్థమవుతుంది. "ఆడికి పోబాక అంటే యినకుండా పోయినాడు, ఇంకేం చేసేది అబ్బయ్యా" అని మెట్ట యాసలో గబగబా అంటే అది ఎక్కడెక్కడి మాటలో ఏరుకొచ్చి పెడుతుంది. పుల్‌స్టాప్‌లు పడవు. ఒక అవ్వ అరగంట చెప్పిన కథ ఎక్కడా ఆగని ఒకే వాక్యంగా పేజీన్నర వచ్చింది. అందులో మధ్యలో కోడిని అదిలించిన మాటలు కూడా ఉన్నాయి. చివరకు రికార్డ్ చేసుకుని, విని, తామే నోటితో మెల్లగా చెబుతూ ఎక్కించడం మేలని పిల్లలే తేల్చుకున్నారు.

ఇక అసలు గొడవ మొదలైంది ఇక్కడ. అందరికీ ఎడిటర్ హక్కు ఇచ్చాం. వ్యూయర్ అయితే చూడగలరు, కామెంటర్ అయితే పక్కన వ్యాఖ్య రాసి సూచన చేయగలరు, ఎడిటర్ అయితే ఏదైనా మార్చగలరు. మా క్లాసులో తెలుగులో మొదటి మార్కు వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. వాడు ఒక రాత్రి కూర్చుని పక్క ఊరి జట్టు రాసిన అవ్వ మాటలన్నీ దిద్దేశాడు. 'పోబాక' పోయి 'వెళ్లవద్దు' వచ్చింది. 'ఆడ కూసోని' పోయి 'అక్కడ కూర్చుని' వచ్చింది. 'సారాయి అంగడి కాడ మంది కమ్ముకున్నారు' అన్నది 'సారా దుకాణం వద్ద ప్రజలు గుమిగూడారు' అయింది. వాడు మంచి మనసుతోనే చేశాడు. తప్పులు దిద్దినందుకు మెచ్చుకుంటానని పొద్దున్నే నా దగ్గరికి వచ్చాడు కూడా.

ఆ అవ్వ మనవరాలు మాత్రం ఏడుపు మొహంతో వచ్చింది. "మేడం, మా అవ్వ ఇట్టా మాట్లాడదు. చదివి వినిపిస్తే ఎవరిదే ఇది అనింది."

కాగితం మీదైతే ఈ గొడవ రాదు, ఎందుకంటే ఒకరు రాసింది ఇంకొకరు అంత ధైర్యంగా కొట్టేయరు. డాక్స్‌లో ఇతరుల వాక్యం చెరపడం తన వాక్యం చెరిపినంత తేలిక, గీత కూడా మిగలదు. అదే డాక్స్‌లో సజెస్టింగ్ అని ఇంకో పద్ధతి ఉంది. అది పెట్టుకుంటే మనం చెరిపింది చెరిగిపోదు, దాని మీద అడ్డగీత పడుతుంది. చేర్చింది వేరే రంగులో కనిపిస్తుంది. రాసినవాళ్లు ఒప్పుకుంటే టిక్ కొడతారు, లేకపోతే ఇంటూ కొడతారు. ఆ రోజు నుంచి రూల్ పెట్టాం: మీ జట్టు రాసింది ఎట్లయినా మార్చుకోండి, ఇంకో జట్టుది అయితే సజెస్ట్ మాత్రమే చేయండి. ఎందుకు మార్చాలంటున్నారో పక్కన కామెంట్‌లో ఒక్క వాక్యమైనా రాయాలి.

అవ్వ మాటల సంగతి ఏం చేయాలన్నది నేను చెప్పలేదు. ఆ కామెంట్ల వరుసలోనే తేల్చుకోమన్నాను. రెండు రాత్రులు వాదించుకున్నారు. బయటివాళ్లు చదివితే అర్థం కాదని ఒకరు, అర్థం కాకపోతే అడుగుతారని ఇంకొకరు. మన యాస పుస్తకంలో వస్తే నవ్వుతారని ఒకరు రాస్తే, దానికి కింద "నీ యాస కాదా అది" అని జవాబు. చివరికి వాళ్లే ఒక పద్ధతికి వచ్చారు. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది అవ్వ సొంతం, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. గుర్తుల బయట మనం రాసే వివరణ పాఠ్యపుస్తకం తెలుగులో ఉండాలి. మొదటి మార్కు అబ్బాయే ఆ మాట తేల్చి, తను మార్చినవన్నీ, ఫైల్ పాత రూపాలను దాచి ఉంచే వెర్షన్ హిస్టరీలోంచి వెతికి మళ్లీ పాత మాటలు పెట్టాడు. నేను తరగతి గదిలో అరగంట ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఇది జరిగేది కాదని నా నమ్మకం. వాదన అక్షరాల్లో ఉండబట్టి, మరునాడు చదువుకుని మనసు మార్చుకునే వీలు దొరికింది. నోటి వాదనలో గట్టిగా అరిచినవాడు గెలుస్తాడు. మా క్లాసులో గట్టిగా అరిచేది ఎప్పుడూ మగపిల్లలే. కామెంట్లలో ఎక్కువ మాట్లాడింది ఆడపిల్లలు.

కామెంట్ల వల్ల ఇంకో లాభం తారీకుల దగ్గర కనిపించింది. అవ్వలు సంవత్సరాలు చెప్పరు. "మా పెద్దోడు ఐదులో ఉన్నప్పుడు" అంటారు, "ఆ ఏడు వానలు పడలా" అంటారు. ఒక జట్టు అవ్వ చెప్పినదాన్ని 1989 అని లెక్కగట్టి రాసింది. ఇంకో జట్టు పిల్ల పక్కన కామెంట్ పెట్టింది: "రాత్రి బడికి పోయినాక కొట్టు మూయించాం అని మీ అవ్వే చెప్పింది కదా, రాత్రి బళ్లు మొదలైంది 91లో. అప్పుడు 89 ఎట్టా అవుద్ది?" ఆ జట్టు మళ్లీ అవ్వ దగ్గరికి పోయి, పెద్దోడి పుట్టిన తేదీ ఆధార్ కార్డులో చూసి, 1992 అని దిద్దుకుంది. ఆధార్ కార్డులో తేదీలు ఎంత నిజమో నాకు తెలుసు కానీ, ఆ పద్ధతి మాత్రం నాకు ముద్దొచ్చింది. చరిత్రకారులు చేసేది కూడా ఇంతే కదా.

ఒక రాత్రి ఒక ఊరి భాగం మొత్తం మాయమైంది. తమ్ముడు ఫోన్ లాక్కుని ఎక్కడో నొక్కాడట. ఫోన్ల మీద ఫోన్లు, టెన్షన్. ల్యాప్‌టాప్‌లో ఫైల్ మెనూలోకి వెళ్లి వెర్షన్ హిస్టరీ తెరిస్తే సాయంత్రం ఉన్న రూపం భద్రంగా ఉంది. ఇలాంటప్పుడు వెంటనే 'రీస్టోర్' నొక్కకండి. అది నొక్కితే ఫైల్ మొత్తం ఆ పాత గంటకు వెళ్లిపోతుంది. ఈలోగా మిగతా ఊళ్లవాళ్లు రాసింది కూడా తెర మీద నుంచి పోతుంది. పాత రూపంలో పోయిన ముక్క వరకే కాపీ చేసుకుని ఇప్పటి ఫైల్‌లో అతికించుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఆ తర్వాత ప్రతి శనివారం ఆ వారం రూపానికి ఒక పేరు పెట్టి ఉంచే పని క్లాస్ లీడర్‌కు ఇచ్చాను. అలా పేరు పెట్టిన రూపాలు హిస్టరీలో తేలిగ్గా దొరుకుతాయి.

ఫొటోలు ఎక్కించడం మొదలుపెట్టాక చవక ఫోన్లలో ఫైల్ తెరుచుకోవడానికి నిమిషాలు పట్టింది. ఊరికొక ఫైల్ చేసి, అన్నిటి లింకులతో ఒక విషయసూచిక ఫైల్ పెట్టాం. ఫొటోలు డ్రైవ్‌లో వేరే ఫోల్డర్‌లోకి పోయాయి. 15 జీబీ ఉచితం, మెయిల్‌తో కలిపి. మాకు అందులో మూల కూడా నిండలేదు.

ఇప్పుడు మార్కుల సంగతి. ఎవరెంత చేశారో తెలుస్తుందనే కదా ఇదంతా మొదలుపెట్టింది. హిస్టరీ తెరిస్తే ఏ రోజు ఎవరు ఏ వాక్యం చేర్చారో రంగుల్లో కనిపిస్తుంది. మొదట్లో నాకు చాలా సంతోషం వేసింది. కానీ ఒక ఊరి ఫైల్‌లో అంతా ఒకే రంగు, ఒక మగపిల్లవాడి ఖాతా. ఇదీ పాత చార్ట్ కథే అనుకుని జట్టును పిలిచి అడిగాను. అసలు విషయం వేరు. ఆ జట్టులో ఇద్దరు అమ్మాయిలకు ఇంట్లో ఫోన్ ముట్టనివ్వరు. వాళ్లు ముగ్గురు అవ్వల దగ్గర కూర్చుని, నోట్‌బుక్ నిండా రాసుకుని, పొద్దున బస్సులో ఆ అబ్బాయికి చదివి వినిపిస్తే వాడు రాత్రి ఎక్కించాడు. అందులో మంచి ప్రశ్నలన్నీ ఆ అమ్మాయిలవి. "కొట్టు మూసినాక మీ ఇంట్లో డబ్బు దేనికి వాడారు?" అని అడిగింది వాళ్లే. దానికి వచ్చిన జవాబు మొత్తం ప్రాజెక్ట్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన పేరా. హిస్టరీలో వాళ్ల పేర్లు ఒక్కచోట కూడా లేవు.

కాబట్టి హిస్టరీని చూసి మార్కులు వేయడం మానుకున్నాను. అది ఎవరి వేళ్లు కదిలాయో చెబుతుంది, అంతకుమించి చెప్పదు. దాని బదులు ప్రతి భాగం నెత్తిన నాలుగు మాటలు తప్పనిసరి చేశాం. చెప్పినవారు, అడిగినవారు, ఎక్కించినవారు, సరిచూసినవారు. ఆ అమ్మాయిలకు మధ్యాహ్నం భోజనం తర్వాత స్టాఫ్ రూమ్‌లో బడి ల్యాప్‌టాప్ ఇచ్చాం. ఆన్‌లైన్ పరికరాలు అందరినీ సమానం చేస్తాయని ట్రైనింగుల్లో చెబుతుంటారు. ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో చూడనివాళ్లు చెప్పే మాట అది.

అన్నిటికంటే జాగ్రత్త నేర్పిన సంగతి ఇంకొకటుంది. ఒక అవ్వ అంతా చెప్పింది. మొగుడు తాగి వచ్చి ఎట్లా కొట్టేవాడో, తాలిబొట్టు ఎక్కడ తాకట్టు పెట్టాడో, ఎవరి కొట్లో తాగేవాడో, పేర్లతో సహా. మనవడు అన్నీ ఎక్కించాడు. రెండు రోజుల తర్వాత ఆమె వాడి చేత నాకు ఫోన్ చేయించింది. "టీచరమ్మా, మా ఆయన పోయి పదేళ్లు. ఆయన పేరు మాత్రం రాయబాకండి. ఆ కొట్టాయన పిల్లలు మా ఎదురింట్లోనే ఉండారు, ఆయన పేరూ వద్దు."

పిల్లవాడు వెంటనే పేర్లు చెరిపేసి "అయిపోయింది మేడం" అన్నాడు. అయిపోలేదు. మనల్ని మొన్న కాపాడిన వెర్షన్ హిస్టరీయే ఇప్పుడు అడ్డం. ఆ పేర్లు పాత రూపాల్లో అలాగే ఉంటాయి, ఎడిటర్ హక్కున్న ఎవరైనా వెనక్కి వెళ్లి చదవొచ్చు. మా క్లాసులో అందరూ ఎడిటర్లే, అందులో ఎదురింటి పిల్ల ఒకతి. దీనికి తేలికైన దారి ఒకటే కనిపించింది. పేర్లు తీసేసిన ఫైల్‌ను 'మేక్ ఎ కాపీ' అని కొత్త ఫైల్‌గా చేసుకోవాలి. కాపీకి పాత హిస్టరీ రాదు. తర్వాత పాత ఫైల్‌ను డిలీట్ చేసి, ట్రాష్‌లోంచి కూడా తీసేయాలి. అలాగే చేశాం. దాంతో ఆ ఊరి ఫైల్‌లో ఎవరెవరు ఏం రాశారన్న లెక్క మొత్తం పోయింది. పోతే పోయింది.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. అవ్వ చెప్పింది ముందు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. రాసుకున్నది ఆమెకు చదివి వినిపించాలి. ఏ పేరు ఉండొచ్చో, ఏది వద్దో ఆమె చెప్పాకే డాక్‌లోకి ఎక్కించాలి. చదివి వినిపించేటప్పుడు చాలామంది అవ్వలు తీయించింది తక్కువ, చేర్పించింది ఎక్కువ. "ఆ రోజు ముందు నడిచింది నేను కాదు, మా వదిన. ఆమె పేరు రాయి" లాంటివి.

అచ్చు వేయించుకుందామని కావలిలో ఒక డీటీపీ సెంటర్‌కు వెళ్తే అక్కడ ఇంకో లోకం. వాళ్లు పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో పనిచేస్తారు. మన డాక్స్ తెలుగు యూనికోడ్, అంటే అక్షరాలకు వేరే సంకేతాల పద్ధతి. తీసుకెళ్లి అందులో అతికిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ మిగల్లేదు. కన్వర్టర్‌లో వేసి మార్చి ఇస్తామన్నారు కానీ, మచ్చుకు ఒక పేజీ చూస్తే ఒత్తులు కొన్ని చెదిరిపోయాయి. మళ్లీ ప్రూఫ్ దిద్దే ఓపిక ఎవరికీ లేదు. డాక్స్‌లోనే లోపలి పాఠానికి మండలి ఫాంట్, శీర్షికలకు రామభద్ర పెట్టి, పీడీఎఫ్‌గా దించుకుని, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించాం. ఫాంట్లు ఎంచుకోవడానికి క్లాసు ఒక పీరియడ్ మొత్తం తీసుకుంది. నేనూ అడ్డు చెప్పలేదు.

ఇంత పనికి మామూలు చార్ట్ ప్రాజెక్ట్ కంటే నాకు మూడింతల సమయం పట్టింది. రాత్రి పూట ఫోన్ మోగుతూనే ఉంది. మిగతా సబ్జెక్టుల వాళ్లకు ఇది చేయమని నేను బలవంతం చెయ్యను. లెక్కల మేడం ఒకసారి చూసి, నాకు ఇది పనికిరాదు, లెక్క ఎవరికి వాళ్లే చేసుకోవాలి అని తేల్చేసింది. ఆమె చెప్పిందీ నిజమే. నలుగురు నాలుగు చోట్ల నుంచి తేవాల్సిన విషయం ఉంటేనే నలుగురు రాసే ఫైల్‌కు అర్థం. నెట్‌లోంచి దించుకునే 'పర్యావరణ పరిరక్షణ' లాంటి ప్రాజెక్ట్‌కు అయితే ఆరుగురు ఆరు రంగుల్లో ఒకే వికీపీడియా పేజీ అతికిస్తారు.

ఈ ఏడు కొత్త తొమ్మిదో తరగతితో ఊరి చెరువులు, తూముల మీద పెట్టుకున్నాం. హక్కుల విషయంలో మాత్రం వరుస మార్చాను. మొదటి రెండు వారాలు సొంత జట్టు ఫైల్‌కే ఎడిటర్, మిగతా వాటికి కామెంటర్. పాత సారా ఉద్యమం ఫైళ్లను చూడటానికి, కామెంట్ పెట్టడానికి వీలుగా ఉంచాం. సంక్రాంతి సెలవుల్లో పక్క మండలం అబ్బాయి ఎవరో చుట్టాలింటికి వచ్చి, పుస్తకం చూసి, లింక్ తీసుకుని కామెంట్ పెట్టాడు. "మీ ఊరి కంటే ముందే మా ఊళ్లో కొట్టు మూయించారు. మా అవ్వ చెప్తా ఉండాది. మీరు రాసింది తప్పు." కింద మా పిల్లలు జవాబు రాశారు: "ఏ నెలలో? మీ అవ్వ రాత్రి బడికి పోయిందా? రికార్డ్ చేసి పంపు." ఇప్పటికి ఆ వరుసలో పన్నెండు జవాబులున్నాయి. ఇరుపక్షాలూ తగ్గడం లేదు. రెండో శనివారం ఆ అవ్వ దగ్గరికే వెళ్లి అడుగుతామని పదో తరగతికి వెళ్లిన పాత పిల్లలు పర్మిషన్ లెటర్ రాసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టారు.